ఆరు కోర్ల సాక్ష్యం

ఆ రోజుల్లో అని మొదలుపెడితే మా అమ్మ నవ్వుతుంది. "నీకింకా పాతికేండ్లు నిండలే, నీకెక్కడియే ఆ రోజులు" అంటుంది. అమ్మకి వయసు లెక్క సంవత్సరాల్లో ఉంటుంది. నాకు ఫోన్లలో ఉంటుంది. ఇప్పుడు నా చేతిలో ఉన్నది ఐదో ఫోను, ఈ కథ రెండో ఫోను కాలం నాటిది. తెర కింది మూల పగిలి, ఆ పగులు సరిగ్గా 'పంపు' గుర్తు మీదుగా పోయి, ఎవరికైనా కోపంగా ఏదైనా రాసి పంపాలంటే రెండుసార్లు నొక్కాల్సి వచ్చే ఫోను. (ఆ పగులు పుణ్యాన నా చుట్టాల్లో కనీసం ముగ్గురు ఇప్పటికీ నాతో మాట్లాడుతున్నారు.) ఆ రోజుల్లో అసూయ అనేది నాకు బయటి నుంచి వచ్చేది కాదు, పొద్దున లేచి పళ్ళు తోముకున్నట్టు దినచర్యలో భాగంగా ఉండేది. ఎవరి స్టేటస్ చూసినా కడుపులో మండేది. అయితే అందరి మీదా మండిన మంట ఒక ఎత్తు, మా పినపాక వదిన మీద మండిన మంట ఒక ఎత్తు.

వదిన అంటే పెద్దావిడ అనుకునేరు. మా మామయ్య కూతురు, నాకన్నా సరిగ్గా రెండు నెలలు ముందు పుట్టింది. ఆ రెండు నెలల కోసం నేను జీవితాంతం 'వదినా' అనాలి. నేను పదో తరగతి దాకా హైదరాబాదులో పెరిగాను. నాన్నకి ఖమ్మం బదిలీ అయ్యి, ఖానాపురం హవేలిలో కిరాయి ఇంటికి వచ్చినప్పుడు ఏదో దేశబహిష్కారం పడ్డ రాణిలా నెల రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాను. వదిన పుట్టినప్పటి నుంచీ పినపాకలోనే. మామయ్యకి మిర్చి, పత్తి. ఇంటి వెనక కాస్త దూరం పోతే అడవి. నేను కోపం వస్తే తలుపు వేస్తాను, అది కోపం వస్తే నెమ్మదిగా నవ్వుతుంది. ఈ ఒక్క తేడాతో మా బంధువులందరి దగ్గరా దానికి 'నెమ్మది పిల్ల' అని పేరు, నాకు 'పట్నం పిల్ల' అని పేరు. రెండూ ఒకే గొంతుతో అనేవాళ్ళు కాదు.

కానీ మేమిద్దరం ఒకరికొకరం లేకుండా ఉండేవాళ్ళం కాదు. నలుగురు కలిసి ఒక దీవిలో దిగి ఎదుటివాళ్ళని కాల్చుకుంటూ పోయే ఆట ఒకటి ఫోన్లో ఆడేవాళ్ళం. నేనూ, వదినా, హైదరాబాదులో నాతో చదివిన ఇద్దరు. జట్టుకి నేనే కెప్టెన్. ఎన్నిక ఏమీ జరగలేదు, గట్టిగా అరిచేది నేనే కాబట్టి అయిపోయాను. సాయంత్రం ఆరింటికి వదిన వాళ్ళ పొలం గట్టెక్కి (ఇంట్లో సిగ్నల్ సరిగా అందదు) ఫోన్ చేసేది. మొదట పది నిమిషాలు ఊరి సంగతులు, తర్వాత ఆట. ఆరున్నరకి బర్రెల మంద అటు వస్తే మా జట్టులో ఒక మనిషి కదలకుండా నిలబడిపోయి చచ్చిపోయేది. నేను తిట్టేదాన్ని. వదిన నవ్వేది. ఆ రోజుల్లో నాకు అంతకన్నా పెద్ద రాజ్యం లేదు.

ఇంటర్ పరీక్షలు అయిపోయిన ఎండాకాలం, కుటుంబం గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. మామయ్య పెట్టాడు. బల్ల మీద నల్ల క్యాబినెట్, పక్కన తెర, తెర మీద ఆకుపచ్చ కొండల బొమ్మ, దాని పక్కన స్క్రూడ్రైవర్ పట్టుకుని మా వదిన. కింద రాత: 'బిడ్డ కంప్యూటర్ సొంతంగా బిగించింది. దేవునికి స్తోత్రం.' ఐదు నిమిషాల్లో ఇరవై ఏడు దండాల గుర్తులు. మా అమ్మ వంటింట్లోంచి ఫోన్ పట్టుకుని వచ్చి మరీ చూపించింది, నా చేతిలోనూ అదే ఫొటో తెరిచి ఉందని చూడకుండా.

"చూసినవానే, మీ వదినె. సొంతంగ బిగించిందంట. అడవి పక్కన ఉండుకుంట. నువ్వు పట్నంల పుట్టి గా ఫ్యాన్ రెగ్యులేటర్ తిప్పనీకి గూడ మీ నాయన్ని పిలుస్తవ్."

నేను ఫోన్ బోర్లించాను. ఆ సాయంత్రం ఆరయింది. ఫోన్ రాలేదు. ఆరుంబావు అయింది, రాలేదు. మర్నాడూ రాలేదు. అంటే వదిన గట్టెక్కడం మానేసింది. అంటే కంప్యూటర్ ముందు కూర్చుని ఆడుకుంటోంది. అంటే నేను అక్కర్లేదు. మూడో రోజు జట్టులోని హైదరాబాదు పిల్ల ఒకతి, "మీ వదిన పీసీ కొన్నదంట గదా, ఇంక ఆమెనే కెప్టెన్ చేద్దామా, మౌస్‌తో గురి బాగుంటది" అని రాసింది. పగిలిన తెర మీద రెండుసార్లు నొక్కి మరీ దానికి జవాబు పంపాను. ఆ జవాబు ఇక్కడ రాయను.

నాకు కంప్యూటర్ కావాలి, అంతకన్నా ముఖ్యంగా వదినదానికన్నా పెద్దది కావాలి. నాన్న రెండు రోజులు విన్నాడు. మూడో రోజు అన్నం కలుపుకుంటూ ఒక హద్దు చెప్పాడు. "గీ పైసలల్ల వచ్చేది తెచ్చుకో బిడ్డా. ఏది మంచిదో నువ్వే చూస్కో, నాకు తెల్వది. కని ఒక్కటే మాట. ఒక్కసారే. మల్ల దానికి గది కావాలె, దీనికి గిది కావాలె అంటే నా దగ్గర లేవు. నిన్ను నమ్మి ఇస్తున్న." చివరి మాట అప్పుడు నా చెవికి అంత బరువుగా అనిపించలేదు. 'నువ్వే చూస్కో' అన్న ముక్క మాత్రమే వినిపించింది.

చూసుకున్నాను. పదిహేను రోజులు ఫోన్ దించకుండా చూసుకున్నాను. తక్కువ ధరలో ఆటలకి ఏ ప్రాసెసర్ మంచిదో చెప్పే వీడియోలు దేశంలో ఉన్నన్ని చూశాను. అప్పటికే మామయ్య పెట్టిన ఇంకో ఫొటోలో డబ్బా మీది అక్షరాలు పెద్దవి చేసుకుని చూసి, వదిన కొన్నది నాలుగు కోర్లదని కనిపెట్టాను. కోరు అంటే ప్రాసెసర్ లోపల పనిచేసే ఒక బుర్ర. నాలుగు కోర్లంటే నాలుగు బుర్రలు. అదే కంపెనీది ఇంకొంచెం పైన ఆరు కోర్లది ఉంది. దాని అంకె పెద్దది, డబ్బా పెద్దది. వీడియోల్లో గీతలు గీసి చూపించేవాళ్ళు: వదిన ప్రాసెసర్ గీత కాస్త దూరం పోయి ఆగిపోయేది, నా ప్రాసెసర్ గీత తెర చివరి దాకా దూసుకుపోయేది. ఆ గీతల వీడియో నేను అన్నం తింటూ చూశాను, బస్సులో చూశాను, చర్చిలో ఒకసారి పాటల పుస్తకం చాటున కూడా చూశాను. ఆ గీత చివరికి చేరినప్పుడల్లా లోపల చల్లగా ఉండేది.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. నేను వీడియోల్ని రెట్టింపు వేగంతో చూస్తాను, మొదటి అర నిమిషం దాటేస్తాను. మొదట్లో ఎప్పుడూ నమస్కారాలూ సోదీ ఉంటాయి కదా. ఆ గీతల వీడియోలో మాత్రం మొదటి అర నిమిషంలోనే ఆ మనిషి ఒక మాట చెప్పాడట: రెండు ప్రాసెసర్లకీ విడిగా ఒక పెద్ద గ్రాఫిక్స్ కార్డు పెట్టి పరీక్షించాము అని. గ్రాఫిక్స్ కార్డు అంటే తెర మీద బొమ్మ గీసే ముక్క. వదిన కొన్న చిన్న ప్రాసెసర్‌లో ఆ బొమ్మ గీసే పని లోపలే ఉంది, కార్డు లేకపోయినా నడుస్తుంది. నేను మనసు పడ్డ పెద్ద ప్రాసెసర్‌కి ఆరు బుర్రలున్నాయి గానీ, ఒక్క బుర్రకీ బొమ్మ గీయడం రాదు. కార్డు విడిగా కొనాలి. ఈ ముక్క నాకు తప్ప ఆ పదిహేను రోజుల్లో భూమ్మీద అందరికీ తెలుసు.

వదినకి కూడా తెలుసు. నేను కంప్యూటర్ కొంటున్నానని అమ్మ చెప్పగానే అది మెసేజ్ పెట్టింది: 'ఏది తీస్కుంటానవ్ మరదలా? తెల్వకపోతే అడుగు, నేను చెప్త.' నేను చెప్త. నాకు. హైదరాబాదులో ఏడు అంతస్తుల మాల్‌లో కదిలే మెట్లెక్కి పెరిగినదానికి పినపాక నుంచి సలహా. ఒళ్ళు మండింది. దాని పేరు మీద వేలు పెట్టి నొక్కి పట్టి, మ్యూట్ చేశాను. ఎనిమిది గంటలా, వారమా, ఎప్పటికీనా అని అడిగింది ఫోను. ఎప్పటికీ అని నొక్కాను. ఆ నొక్కుడు మాత్రం ఒక్కసారికే పడింది.

షాపుకి నాన్నని తీసుకుపోయాను, కానీ మాట్లాడొద్దని ముందే చెప్పాను. షాపు అన్న చెవి వెనక స్క్రూడ్రైవర్ పెట్టుకుని, నా జాబితా చదివి, తల గోక్కున్నాడు.

"ఆటలకా అమ్మా?"

"ఆటలకే."

"మరి ఈ ప్రాసెసర్‌కి కార్డు రాయలేదు గదా మీరు. కార్డు లేకుంట ఇది—"

"అన్నా, నాకు అన్నీ తెలుసు. పదిహేను రోజులు చూసి రాసిన లిస్టు అది. మీరు లిస్టులో ఉన్నవి ఇయ్యండి చాలు."

"ఇస్త అమ్మా, నాకేంది. కని ఒక్క మాట ఇనుర్రి. గీ నాలుగు కోర్లది తీస్కుంటే—"

నాలుగు కోర్లు అన్న మాట చెవిన పడగానే నాకు ఆ ఫొటో, ఆ స్క్రూడ్రైవర్, ఆ ఇరవై ఏడు దండాలూ కనపడ్డాయి. "ఆ నాలుగు కోర్లది పల్లెటూరోళ్ళకి అమ్ముకోండి" అన్నాను. షాపులో ఉన్న నలుగురూ నా వైపు తిరిగారు. నాన్న మెల్లగా, "బిడ్డా, ఆయన ఏదో చెప్పబోతున్నడు, జర ఇను" అన్నాడు. నేను నాన్న వైపు చూసిన చూపుకి ఆయన పక్కనున్న కీబోర్డుల ధరలు చదవడం మొదలుపెట్టాడు. "బిగించి, నడిపించి, చూపించి ఇస్తం అమ్మా, గంట కూసోండి" అన్నాడు షాపు అన్న ఆఖరి ప్రయత్నంగా. వదిన సొంతంగా బిగించుకుంది. నేను షాపులో బిగించుకుంటానా? డబ్బాలన్నీ ఆటోలో పెట్టించాను. ఆయన బిల్లిస్తూ నాన్నతో, "నంబర్ రాసిన సార్ వెనక. అవసరం పడ్తది" అన్నాడు. ఎంత పొగరో అనుకున్నాను.

రెండు రోజులు పట్టింది బిగించడానికి. ప్రాసెసర్‌ని పళ్ళెంలో పెట్టుకుని నడిచాను, పసిపిల్లని మోసినట్టు. అన్ని వైర్లూ పెట్టాను. మిగిలిన మూడు స్క్రూలు ఎక్కడివో తెలియక అమ్మ పోపుల డబ్బాలో దాచాను. ఇంక స్విచ్ వేయడమే తరువాయి. వేలు స్విచ్ దాకా పోయింది కూడా.

"ఆగు" అంది అమ్మ. "అయ్యగారు రాకుండ స్విచ్ వేసేది లేదు."

మా ఇంట్లో అది చట్టం. కొత్త వస్తువు ఏది వచ్చినా చర్చి అయ్యగారు వచ్చి కృతజ్ఞత ప్రార్థన చేశాకే దానికి కరెంటు. మా మిక్సీ డబ్బాలో నాలుగు రోజులు అయ్యగారి కోసం ఎదురుచూసింది, అమ్మ ఆ నాలుగు రోజులూ పచ్చడి రోట్లోనే నూరింది. నాన్న బండి షోరూం నుంచి ఇంటిదాకా తోసుకొచ్చాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. (నిజమే, కానీ సందు మలుపు నుంచే.) మామూలుగా అయితే నేను గొడవ పెట్టేదాన్ని. కానీ వదిన కంప్యూటర్‌కి పినపాకలో ప్రార్థన జరిగిందనీ, ముప్పై మంది వచ్చారనీ మామయ్య గ్రూపులో రాశాడు. "సరే, అయితే అందరినీ పిలు" అన్నాను. "అత్తమ్మోళ్ళని కూడా. వదినని తప్పకుండా రమ్మను." నా గీత తెర చివరిదాకా పోతుంటే అది కళ్ళతో చూడాలి కదా.

ఆదివారం ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం మా ముందు గది నిండిపోయింది. చాపలు, కిరాయి కుర్చీలు, వంటింట్లో బిర్యానీ. మామయ్యకి పొలం పని ఉండి రాలేదు. వదిన ఒక్కతే పొద్దున్నే బస్సెక్కి మణుగూరులో మారి, కొత్తగూడెంలో మారి, ఎండు మిరపకాయల సంచితో వచ్చింది. వచ్చీ రాగానే నా పక్కకి చేరి, "నా మెసేజ్‌లు చూసినవా?" అంది చెవిలో. "బిజీగా ఉన్నా" అన్నాను. అది క్యాబినెట్ వెనక వైపు వంగి చూసింది. దాని ముఖం ఒక్కసారి మారింది. అసూయ, అనుకున్నాను. లోపల పండగ చేసుకున్నాను.

పాట అయ్యింది, బైబిలు వాక్యం చదవడం అయ్యింది. "ఇప్పుడు బిడ్డ సాక్ష్యం చెప్తది" అన్నాడు అయ్యగారు. సాక్ష్యం అంటే దేవుడు నీకు చేసిన మేలు పదిమంది ముందు నిలబడి చెప్పడం. జబ్బు తగ్గినవాళ్ళు చెప్తారు, ఉద్యోగం వచ్చినవాళ్ళు చెప్తారు. నేను లేచి, చున్నీ సర్దుకుని, వదిన వైపే చూస్తూ చెప్పాను: "దేవుడు నాకు ఆరు కోర్లు ఇచ్చాడు. నాలుగు కోర్లు ఉన్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళకీ దేవుడు మేలు చేశాడు, కాదనను. కానీ నాకు ఆరు ఇచ్చాడు." గదిలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అయినా అందరూ "ఆమెన్" అన్నారు. నాన్న అందరికన్నా గట్టిగా అన్నాడు.

అయ్యగారు క్యాబినెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, బొటనవేలితో బటన్ నొక్కాడు. ఫ్యాన్లు తిరిగాయి. ఎర్ర లైట్లు వెలిగాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. తెర మీద మాత్రం ఒక చిన్న నీలం పెట్టె వచ్చి, 'సిగ్నల్ లేదు' అని ఇంగ్లీషులో రాసి, ఆ మూల నుంచి ఈ మూలకి తీరిగ్గా నడవడం మొదలుపెట్టింది.

"ఏం రాసిందమ్మా?" అన్నాడు అయ్యగారు.

"సిగ్నల్ లేదంట" అన్నాడు నాన్న చదివి.

"మా ఇంట్ల టీవీకి గూడ గట్లనే వచ్చింది" అంది మూలింటి పెద్దమ్మ. "కేబులాయనకి ఫోన్ జెయ్యి. వానకి డబ్బా పాడైతది."

"ఎండాకాలంల వానేంది పెద్దమ్మా?"

"మరి కరెంటు తక్కువస్తాందేమో. ఫ్రిజ్ బంజేసి చూడుర్రి."

ఫ్రిజ్ ఆపారు. ముందు గదిలో ఫ్యాన్ కూడా ఆపారు. ఏప్రిల్ నెల, ఖమ్మం, నలభై మంది, లోపల బిర్యానీ ఆవిరి. నీలం పెట్టె ఇంకా నడుస్తూనే ఉంది. నేను ఒక్కో వైరూ లాగి మళ్ళీ పెట్టాను. "ఇంకొక్కసారి ప్రార్థన జేద్దాం అయ్యగారూ" అంది పెద్దమ్మ. చేశాం. అందరూ కళ్ళు మూసుకున్నారు, నేను ఒక కన్నే మూసుకున్నాను. ఆ తెరిచిన కంటితో నాన్నని చూశాను. ఆయన కళ్ళు మూసుకుని నిజంగానే ప్రార్థిస్తున్నాడు, పెదాలు కదులుతున్నాయి. 'నిన్ను నమ్మి ఇస్తున్న' అన్న మాట బరువు అప్పుడు తెలిసింది. ఆమెన్ అయ్యింది. పెట్టె నడుస్తూనే ఉంది.

అప్పుడు వదిన లేచింది. నలభై మంది ముందు, నా సాక్ష్యం ఇంకా గాల్లోనే ఉండగా, అది నోరు తెరిచి ఒక్క వాక్యం చెప్తే చాలు. నేను దాని స్థానంలో ఉంటే చెప్పేదాన్ని. రెండుసార్లు నొక్కి మరీ చెప్పేదాన్ని.

"అయ్యగారూ, తెరకి పెట్టే వైరు కొత్తది గదా, అది ఒక్కోసారి గిట్లనే మొరాయిస్తది" అంది నెమ్మదిగా. "షాపుల మార్చి ఇస్తరు. ప్రార్థనైతే అయింది గదా, బిర్యానీ సల్లారుతాంది. లెవ్వుర్రి." బిర్యానీ పేరు చెప్పాక ఇంక కంప్యూటర్‌ని ఎవరూ చూడలేదు.

నేను డాబా మీదికి పోయాను. ఎండకి గచ్చు కాలుతోంది, చెప్పులు కిందే వదిలేశాను, కాబట్టి నీళ్ళ ట్యాంకు నీడలో ఒంటికాలి మీద నిలబడి ఏడ్చాను. వదిన వెనకే వచ్చింది, నా చెప్పులు పట్టుకుని. అందుకు ఇంకా మండింది.

"కార్డు పెట్టలే నువ్వు" అంది. "దాంట్ల బొమ్మ రాదే."

"నీకు తెలుసా?"

"తెల్సు."

"తెలిసి కూడా నవ్వుకుందామని చెప్పలేదు కదా. అందరి ముందూ నా పరువు పోతే చూద్దామని బస్సెక్కి వచ్చావు కదా."

వదిన చెప్పులు కింద పెట్టింది. "ఫోన్ తియ్యి" అంది.

తీయడానికేముంది, చేతిలోనే ఉంది. ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది. స్నానానికి పోతే సబ్బుపెట్టె మీద ఉంటుంది. దాని పేరు వెతికాను, జాబితాలో కాస్త దిగువన, నేను రోజూ చూడకుండా దాటేసిన చోటే, పాల ప్యాకెట్ల ఆయన కింద ఉంది. తెరిచాను. పదకొండు మెసేజ్‌లు. 'ఆరు కోర్లదంట గదా, అత్తమ్మ చెప్పింది. అది తీస్కోకు, దాంట్ల బొమ్మ రాదు.' 'కార్డు కొనేటట్టైతెనే తీస్కో.' 'మా షాపాయన అర్ధగంట చెప్పిండు, నీకు గూడ చెప్పమంటే చెప్తడు, ఫోన్ చెయ్యనా?' 'మరదలా చూసినవా?' 'కోపమా?' 'నేనేమన్న అన్ననా?' చివరిది ఆ ముందు రోజుది: 'బస్సెక్కుతున్న రేపు. నీతోని మాట్లాడక నెల అయితాంది. నువ్వు లేకుంట ఏం బాగలేదు.'

కాలు కాలుతోందని కూడా మర్చిపోయాను.

"మరి ఆరింటికి ఫోన్ ఎందుకు మానేశావు?" అన్నాను. కోపంగానే అన్నాను, ఇంకో గొంతు నాకు అప్పట్లో లేదు.

"నా ఫోన్ అమ్మిన గదా. కంప్యూటర్‌కి తక్కువ పడ్తే అమ్మిన. నాయన ఫోన్ తోని మెసేజ్ పెట్టాల్నంటే ఆయన పొలం నుంచి రావాలె. నా నంబర్ దాంట్లనే ఏసుకున్న." అది గచ్చు మీద కూర్చుని, కాలి వెండి పట్టీ తిప్పుకుంటూ నవ్వింది. "ఇంకో మాట చెప్పనా? నవ్వద్దు. నా కంప్యూటర్ల ఆట లేదు. ఎక్కించుదామంటే నాయన ఫోన్ నెట్ తోని ఎక్కించాలె. నెల నుంచి ఎక్కుతనే ఉన్నది. నూటికి తొమ్మిది అయింది. ఆ ఆకుపచ్చ కొండల బొమ్మ ఉన్నది చూడు, దాన్నే చూస్కుంట కూసుంటున్న. నీకేమో ఇంట్ల వైఫై. ఖమ్మంల ఉంటవ్. నిన్ను తలుసుకుంటే ఎంత కుళ్ళుగుంటదో తెల్సా నాకు."

నెల రోజులుగా నేను ఇక్కడ దాని కొండల బొమ్మని చూసి ఏడుస్తున్నాను. అది అక్కడ నా వైఫైని తలుచుకుని ఏడుస్తోంది. ఇద్దరిలో ఎవరూ ఆట ఆడలేదు. నవ్వొద్దని అన్నది కదా, ముందు అదే నవ్వింది.

కిందికి దిగి నాన్నకి నేనే చెప్పాను. అది చాలా కష్టమైన పని, ఎందుకంటే ఆయన ఆ వైరు ఎక్కడ మారుస్తారో కనుక్కుందామని బిల్లు వెనకున్న నంబరుకి అప్పటికే కళ్ళద్దాలు పెట్టుకుని ఫోన్ కలుపుతున్నాడు. మొత్తం విన్నాడు. షాపు అన్న చెప్పబోయింది ఇదేనని కూడా చెప్పాను. నన్ను తిడతాడనుకున్నాను. "ఆరు కోర్లు అన్నప్పుడు ఏందో తెల్వకుండనే అందరికన్న గట్టిగ ఆమెన్ అన్న" అన్నాడు. "నాది గూడ ఉన్నది తప్పు." తర్వాత కళ్ళద్దాలు తీసి, "కని మల్ల కొననీకి నా దగ్గర లేవు బిడ్డా" అన్నాడు. ఆ రెండో మాట తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

తర్వాతి ఆదివారం వదిన మళ్ళీ వచ్చింది. ఈసారి మిరపకాయల సంచి లేదు. చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా. బస్సులో కండక్టర్ దగ్గర నుంచీ అందరూ కూర అనుకున్నారట, పక్క సీటు ఆవిడ వాసన రావట్లేదని కూడా అందట. మూత తీస్తే లోపల వాళ్ళ చేలోని పత్తి, పత్తి మధ్య ప్లాస్టిక్ అచ్చులో దాని నాలుగు కోర్ల ప్రాసెసర్.

"దాంట్ల ఏమున్నదమ్మా?" అన్నాడు నాన్న.

"బొమ్మ మామయ్యా" అంది వదిన.

ఇద్దరివీ ఒకే కంపెనీవి, ప్రాసెసర్‌ని బిగించే బోర్డు కూడా ఒకే రకం. నా ఆరు కోర్లని తీసి ఆ పత్తిలో పడుకోబెట్టాం. దాని నాలుగు కోర్లు నా బోర్డులో కూర్చున్నాయి. పోపుల డబ్బాలోని మూడు స్క్రూలు ఎక్కడివో అది ఒక్క చూపులో చెప్పింది. "స్విచ్ ఎయ్యి" అంది. నేను అమ్మ వైపు చూశాను. "ప్రార్థన అయిందే గదనే దానికి, రెండుసార్లు అయింది" అంది అమ్మ. వేశాను. నీలం పెట్టె రాలేదు. వదిన పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన సాఫ్ట్‌వేర్ ఎక్కించాక ఆకుపచ్చ కొండలు వచ్చాయి. ఆ కొండల్ని అంత దగ్గరగా చూడటం నాకదే మొదటిసారి. సాయంత్రానికి ఆట ఎక్కేసింది. వైఫైలో ఆట ఎక్కుతున్న గీత నిండిపోతుంటే వదిన నోరు తెరుచుకుని చూసింది, నేను గీతల వీడియో చూసినట్టు.

అలా రెండేళ్ళు, నెలకి రెండు శనివారాలు వదిన బస్సెక్కి వచ్చి మా ఇంట్లో తన ప్రాసెసర్ మీద నా కుర్చీలో కూర్చుని ఆడేది. పినపాకలో దాని క్యాబినెట్ ఖాళీగా ఉండేది, అత్తమ్మ దాని మీద పూల కుండీ పెట్టింది. కెప్టెన్ ఎవరంటే చెప్పడం నాకిప్పటికీ ఇష్టం లేదు. (మౌస్‌తో దాని గురి నిజంగానే బాగుంటుంది.) అయ్యగారు మాత్రం చర్చి మెట్ల మీద కనపడినప్పుడల్లా, "ఏమమ్మా, ఆరు కోర్లు మంచిగున్నయా?" అని అడిగేవాడు. మొదట్లో తల ఊపేదాన్ని. ఒకరోజు ధైర్యం చేసి, "నాలుగే అయ్యగారూ, అవి కూడా మా వదినవి" అన్నాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, "ఇది సాక్ష్యం" అన్నాడు.

నాకు ఉద్యోగం వచ్చిన మొదటి నెలలో గ్రాఫిక్స్ కార్డు కొన్నాను. కొనేముందు షాపు అన్నని అడిగి, ఆయన చెప్పిందంతా మామూలు వేగంతో విన్నాను. పత్తిలో రెండేళ్ళు నిద్రపోయిన ఆరు కోర్లు లేచి నా బోర్డులోకి వచ్చాయి, వదిన నాలుగు కోర్లు అదే టిఫిన్ డబ్బాలో అదే పత్తిలో పినపాక వెళ్ళాయి. ఇప్పుడు అక్కడికీ తీగల నెట్ వచ్చింది. వదిన మణుగూరులో ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్.

పోయిన వారం దాని నుంచి ఒక ఫొటో వచ్చింది. కొత్త క్యాబినెట్, కొత్త తెర, పక్కన ప్రాసెసర్ డబ్బా. ముందు డబ్బా మీది అంకెని రెండు వేళ్ళతో పెద్దది చేసి చూశాను. ఎనిమిది కోర్లు. కడుపులో సరిగ్గా అదే చోట, అదే మంట. ఇన్నేళ్ళయినా చోటు మరిచిపోలేదు. నా బొటనవేలు దానంతటదే దాని పేరు మీదికి పోయి నొక్కి పట్టింది కూడా. ఎనిమిది గంటలా, వారమా, ఎప్పటికీనా అని అడిగింది ఫోను. ఆ అడుగుడు చూసి నవ్వొచ్చింది. కాలిన గచ్చు మీద ఒంటికాలితో నిలబడ్డ పిల్ల గుర్తొచ్చి, దాని చెప్పులు ఎవరైనా తెచ్చి ఇస్తే బాగుండునని అనిపించి, తెచ్చిందే ఈ ఫొటో పంపిన మనిషని గుర్తొచ్చింది. వేలు తీసేసి, 'బొమ్మ వస్తోందా' అని రాశాను.

జవాబు వెంటనే వచ్చింది. 'ఇంకా స్విచ్ ఎయ్యలే. ఆదివారం ప్రార్థన. జల్దీ రా. సాక్ష్యం మాత్రం నేనే చెప్త.'

పొద్దున్నే బస్సుంది. కొత్తగూడెం దాటాక, అడవి మొదలైన చోట ఫోన్లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే తగ్గిపోతాయి. ఆ కాసేపు దాన్ని సంచిలో పెట్టేయడం ఈ మధ్యే నేర్చుకున్నాను.